కిరాయి ఇంట్లో ఒక పూట

"పోయేవాళ్లకి క్వాలిటీ ఏమిటండీ?" అని అడిగింది మా వీధిలో ఒకావిడ, నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసి హాస్పిస్‌లో క్వాలిటీ చూసే పనికి చేరానని తెలిసినప్పుడు. ఒళ్లు మండింది. ఉన్న నాలుగు రోజులూ బాధ లేకుండా ఉండటం, నోరెండిపోతే ఎవరో ఒకరు తడపడం, పక్క తడిస్తే అలాగే వదిలేయకుండా మార్చడం, అదండీ క్వాలిటీ అన్నాను. "అమ్మో, తల్చుకుంటేనే భయం" అని ఆవిడ కూరల సంచీ ఎత్తుకుని గబగబా వెళ్లిపోయింది.

ఆ హాస్పిస్ తెల్లాపూర్ దాటాక, పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీల వెనక ఉంది. ఇక వైద్యంతో నయం కాదని తేలిపోయినవాళ్లు చివరి రోజుల్లో అక్కడికి వస్తారు. ఎక్కువమంది కాన్సర్ వాళ్లే. ఆటోవాళ్లు దాన్ని 'ఆఖరి దవాఖాన' అంటారు. నా పని మందులివ్వడం కాదు, కొలవడం. బాధగా ఉందని చెప్పాక మందు ఎంతసేపటికి అందింది, వీపు మీద పుండ్లు పడ్డాయా, ఇంట్లోవాళ్లకి విషయం అర్థమయ్యేలా చెప్పారా, ఇవన్నీ చూసి నెలాఖరున గ్రాఫులు గీస్తాను. గీత ఎక్కడ కిందికి వంగితే అక్కడ డాక్టరు గారితోనూ నర్సులతోనూ పోట్లాడి సరిచేయిస్తాను. పోట్లాట నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

చేరిన కొత్తలో ఎవరో ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి పెట్టిన ప్రశ్నలు ఉండేవి. మొదటిదే "మీకు నొప్పులు వస్తున్నాయా?" అని. శంకరపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మని అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గీ వయసుల నాకెట్లొస్తయి బిడ్డా నొప్పులు? నీకొస్తయేమో సూస్కో!" వార్డంతా ఒకటే నవ్వు. మేం కాన్పు నొప్పుల గురించి అడుగుతున్నామనుకుంది మరి. నడుం పీకుతోందట, కాలు గుంజుతోందట, పొట్టలో మంటట, 'నొప్పులు' మాత్రం లేవట! అప్పటిదాకా అలాంటి ఆడవాళ్లు ఎంతమంది కాగితాల మీద 'లేదు' అని పడిందో! ఆ ప్రశ్న తీయించేసి, ఎక్కడ బాధగా ఉంది, గుంజుతోందా, మండుతోందా, పొడుస్తోందా అని మార్పించాను. ఆ తర్వాత మందు అందాల్సిన వాళ్లకి అందింది. కొన్నాళ్లు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇంకో ప్రశ్న ఉండేది. "చివరి రోజులు ఎక్కడ గడపాలనుకుంటున్నారు? ఇంట్లోనా, ఇక్కడా?" వాళ్లు చెప్పిన చోటే పోయారా లేదా అని తర్వాత సరిచూసేవాళ్లం. దాదాపు అందరూ 'ఇక్కడే' అనేవాళ్లు, ఇక్కడే పోయేవాళ్లు. అన్ని గ్రాఫుల్లోకీ ఆ గీత ఒక్కటే ఎప్పుడూ తలెత్తుకుని ఉండేది. ఎవరైనా పెద్దవాళ్లు చూడ్డానికి వస్తే డాక్టరు గారు ముందు దాన్నే చూపించేవారు. మన దగ్గర అంత బాగా చూసుకుంటున్నారు కాబట్టే ఇల్లు కూడా వద్దంటున్నారని నేనూ మురిసిపోయాను. మా అత్తగారు వచ్చేదాకా.

మా అత్తగారిది గోదావరి జిల్లా. మామగారు పోయాక అక్కడ ఇల్లంటూ ఏమీ మిగలక మా దగ్గరికే వచ్చేశారు. మేముండేది కొత్తగూడ జంక్షన్ దగ్గర సందులో, ఒక మూడంతస్తుల బిల్డింగులో. కింద ఓనరు వాళ్లు, పై అంతస్తులో మేమిద్దరం, బడికెళ్లే మా అమ్మాయి. పెళ్లయినప్పట్నుంచీ అదే ఇల్లు, కిరాయికే. వంటింటి వెనక బాల్కనీ ఆవిడ రాజ్యం. ఒక కరివేపాకు కుండీ, ఒక పీట, ఒక చిన్న రేడియో. అక్కణ్ణించే కింద తోపుడుబండి అతనితో కేకలేసి బేరాలాడేవారు. "నీ వంకాయల పుచ్చులు నాకు ఇక్కడికే కనిపిస్తున్నాయయ్యా!" కోపమొస్తే నన్ను 'మహాతల్లీ' అనేవారు, ప్రేమొస్తే 'అమ్మాయ్' అనేవారు. రోజుకి రెండూ వినేదాన్ని.

పొట్టలో కాన్సరని తెలిసేసరికే ముదిరిపోయింది. ఒక పొద్దున్న బాధకి తట్టుకోలేక అరిస్తే అంబులెన్సు పిలిచాం. ఇంజెక్షన్ చేశాక ఆవిడ కుదుటపడ్డారు గానీ, సైరన్ విన్న ఓనరు గారు పైకి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డారు.

"తప్పుగ అనుకోకు బిడ్డా. పెద్దమ్మంటే మాకు పానం. గానీ కిరాయి ఇంట్ల ఏమన్న అయితే ఎట్ల? జర ముందుగాలనే దవాఖానకు తీస్కపోండ్రి."

మన వాళ్లకి చెప్పక్కర్లేని సంగతే. కిరాయి ఇంట్లో చావు జరగకూడదు. బయట పోయినా సరే, శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. మేం రాకముందు ఆ బిల్డింగులోనే కిరాయికున్న ఒకాయన నిద్రలో పోయాడట. నక్షత్రం మంచిది కాదని పంతులు చెబితే ఆ పోర్షన్‌కి నెలల తరబడి తాళం వేశారు, మిగతావాళ్లు ఖాళీ చేసి పోయారు. "నాకు నమ్మకం లేదు బిడ్డా, గానీ అందరి నోర్లు మూయలేను కద" అన్నారు ఓనరు గారు. దుర్మార్గుడైతే తిట్టిపోసేదాన్ని. మా అత్తగారిని మొదటిసారి స్కానింగ్‌కి తన కార్లోనే తీసుకెళ్లిన మనిషి. ఆయన్ని తిట్టలేను, ఆయన మాట వినలేను.

మా ఆయనకి రాయదుర్గంలో ఆఫీసు. ఆ వారమంతా ఆఫీసు నుంచి నేరుగా ఇళ్ల వేటకి వెళ్లాడు. కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో, తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో కూడా. ప్రతి బ్రోకరూ మొదట అడిగిన మాట ఒకటే. "ఇంట్లో పేషెంట్లు ఎవరన్నా ఉన్నరా సార్?" కుక్క ఉన్నా ఇస్తారట. మేం బుక్ చేసుకున్న ఫ్లాట్ ఇంకా పునాది గుంతల దగ్గరే ఉంది. సొంత ఇల్లు లేని మనిషికి ఈ ఊళ్లో బతకడానికి చోటుంది గానీ పోవడానికి లేదని మా ఆయన అన్నాడు. అని, మొహం కడుక్కునే వంకతో బాత్రూములోకి వెళ్లిపోయాడు.

చివరికి అత్తగారిని నేను పనిచేసే చోటికే తీసుకొచ్చాం. అయినవాళ్లని నేనే అడగకూడదు కాబట్టి ప్రశ్నలు నర్సు అడిగింది. వికారాబాద్ దగ్గరి అమ్మాయి, నెమ్మదస్తురాలు. నేను కర్టెను ఇవతల నిలబడ్డాను.

"చివరి రోజులు ఎక్కడ ఉండాలనుకుంటున్నరు అమ్మా? ఇంట్లనా, ఇక్కడనా?"

"ఇక్కడే నాన్నా. ఇక్కడ హాయిగా ఉంది."

నర్సు టిక్కు పెట్టుకుని వెళ్లిపోయింది. నేను లోపలికి వెళ్లాను.

"అత్తయ్యగారూ, అబద్ధం ఎందుకు చెప్పారు?"

"ఏ అబద్ధమే?"

"ఇంటికి వెళ్లాలని లేదూ మీకు?"

ఆవిడ నా వంక ఎగాదిగా చూశారు. "ఉంటే ఏం చేస్తావు మహాతల్లీ? ఓనరు మీద కేసు పెడతావా? పిల్లదానికి పరీక్షలు. నేను పోయి మిమ్మల్ని రోడ్డు మీద పడెయ్యనా?" గోడవైపు తిరిగారు. "కరివేపాకుకి నీళ్లు పోస్తున్నారా? ఆ కుక్కరు కూతలూ, ఆ వీధిలో గోలా, అవి వింటూ కళ్లు మూసుకుందామనుకున్నాను. ప్రాప్తం లేదు, వదిలెయ్."

వదిలెయ్యమంటే వదిలేసే రకాన్నా నేను! మర్నాడే వార్డులో మంచం మంచానికీ వెళ్లి, ఎవరూ రాసివ్వని ప్రశ్న ఒకటి అడిగాను. ఇల్లు సొంతమా, కిరాయా? మాదాపూర్‌లో వాచ్‌మన్ భార్య, కూకట్‌పల్లిలో టైలరు, రిటైరైన లెక్చరరు గారు. కిరాయి, కిరాయి, కిరాయి. "ఇక్కడే" అన్నవాళ్లలో చాలామంది మా అత్తగారే. లెక్చరరు గారైతే "సొంతిల్లుంటే మీకు ఇంత శ్రమ ఇచ్చేవాణ్ణా అండీ" అని నాకే సర్దిచెప్పారు. నేను గర్వపడ్డ గీత అది. వీళ్లు కోరుకున్నది కాదు, వీళ్లకి మిగిలింది. అక్కడే ఆ మంచాల మధ్య నిలబడి ఏడుపొచ్చింది నాకు.

మీటింగులో చెప్పాను. నా గొంతు పెద్దదే, ఆ రోజు ఇంకా పెద్దదైంది. ఇక్కడే అన్నది జవాబు కాదు, దాన్ని మార్కుగా వేసుకోవడానికి మనకి సిగ్గుండాలి అన్నాను. డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీరన్నది నిజమే అండి. కానీ ఊళ్లో ఓనర్లందరినీ మనం మార్చగలమా?" తర్వాత ఆయనే అన్నారు, చావుకి ఒప్పుకోరు సరే, చూసి రావడానికి ఒప్పుకుంటారేమో అడగండి అని. అలా మొదలైంది 'ఒక పూట ఇంటికి'. కాస్త నిలకడగా ఉన్నవాళ్లని నర్సునీ మందుల్నీ తోడిచ్చి మా బండిలో ఇంటికి తీసుకెళ్లడం, సాయంత్రానికి వెనక్కి తీసుకురావడం. వాచ్‌మన్ భార్య వెళ్లొచ్చి ఆ రోజు కడుపునిండా అన్నం తింది. మాకు తట్టిన విరుగుడు ఇదొక్కటే. జైల్లో పెరోలు లాంటిదని మా ఆయన అంటే మాత్రం కోపమొచ్చింది. నిజం కాబట్టే వచ్చింది.

అత్తగారి కోసం ఓనరు గారిని అడగడానికి ఇద్దరం వెళ్లాం. ఆయన తటపటాయించారు. ఆంటీ, అంటే ఓనరు గారి భార్య, తలుపు దగ్గర నిలబడి "తీస్కరానియ్యి, పెద్దమ్మ మనకేం పరాయిదా?" అన్నారు. "సరే బిడ్డా" అన్నారాయన. "గానీ దీపాలు పెట్టేలోపల తీస్కపోవాలె. మాటియ్యి." మాటిచ్చాం. పరాయి ఇంటి గడప ముందు మన తల్లి ప్రాణం గురించి మాటివ్వడం ఎలా ఉంటుందో ఇచ్చినవాళ్లకే తెలుస్తుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి తీసుకొచ్చాం. ఫ్లైఓవరు దిగుతుంటే అత్తగారు కళ్లు తెరిచి "కొత్తగూడ వచ్చేసిందే!" అన్నారు పండక్కి వచ్చిన పిల్లలా. చక్రాల కుర్చీలోంచి దింపి, బాల్కనీ పక్కన చాప మీద పరుపేసి పడుకోబెట్టాం. కావాలనే కుక్కరు పెట్టాను. మొదటి కూతకి ఆవిడ నవ్వారు. "పప్పు మాడ్చకే, మూడో కూతకి దింపు" అన్నారు. చారులో ముంచిన మెతుకులు నాలుగు చప్పరించారు. కరివేపాకు రెమ్మ తుంచి చేతికిస్తే నలిపి వాసన చూసుకుని, "ఎండగట్టేశారు కదే పాపం దీన్ని" అని నన్ను చివాట్లు పెట్టారు. ఆ చివాట్లకి నాకెంత సంతోషమో! కింద తోపుడుబండి అరుపు వినిపిస్తే, లేవలేక, "అడుగు, పుచ్చులు లేనివి ఉన్నాయేమో" అని మా ఆయన్ని పంపబోయారు. మా ఆయన తల్లి చెయ్యి వదిలితేగా.

ఎండ వాలుతుంటే నిద్రపోయారు. నేను గోడ గడియారం వంక చూడటం, మా ఆయన నా వంక చూడటం. లేపుదామా అంటే ఇంకాసేపు అంటాడు. నర్సు నాడి పట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయి మొహంలో మార్పు చూసి నేను లేచాను. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. నేను రోజూ చూసేదే, కొత్తేం కాదు.

"ఇప్పుడు కదిలిస్తే దారిలోనే పోతారు మేడమ్" అంది నర్సు మెల్లగా.

కదిలించకపోతే ఇక్కడే పోతారు. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిపోయాను. మా ఆయన "ఉండనీ. అమ్మని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు. పెళ్లయ్యాక అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. అందుకే ముట్టుకోలేదు. వీధిలో హారన్లు మోగుతూనే ఉన్నాయి, పక్కింట్లో ఎవరిదో కుక్కరు కూసింది. అత్తగారు రెండుసార్లు పెద్దగా ఊపిరి పీల్చుకున్నారు. మూడోది రాలేదు. ఆవిడ అడిగింది అడిగినట్టు జరిగింది, మా ఇంట్లో, చాప మీద, కరివేపాకు రెమ్మ చేతిలో ఉండగానే.

మా ఆయన గొంతులోంచి ఏడుపు బయటికి వస్తుంటే నేను నా అరచేతిని అతని నోటికి అడ్డం పెట్టాను. కన్నతల్లి పోయినవాడి నోరు నొక్కాను. కింద ఓనరు గారున్నారు, పక్క పోర్షన్లో మనుషులున్నారు, రేపు మా పిల్ల ఈ ఇంటికే బడి నుంచి రావాలి. అతను నా చేతిని కొరికినంత పని చేశాడు. తర్వాత తలూపాడు. మా ఇంట్లో మేమే దొంగల్లా కూర్చుని, చప్పుడు రాకుండా ఏడ్చాం.

"మనిషి పోయిందని చెప్పాల్సింది డాక్టర్ సారే, నేను కాదు" అంది నర్సు కళ్లు తుడుచుకుని. "అక్కడికి పోయినంక సార్ చూసి చెప్తరు. నేను మాస్కు పెడ్త. జర పట్టుకోండ్రి." మా పద్ధతి ప్రకారం అది నిజమే. డాక్టరు చూసేదాకా మనిషి ఉన్నట్టే లెక్క. ఆక్సిజన్ మాస్కు పెట్టి, తల వాలకుండా మెత్తటి తువ్వాలు చుట్టి, దుప్పటి కప్పి, కుర్చీలో కూర్చోబెట్టాం. లిఫ్టులో ముగ్గురం నిలబడి నాలుగో మనిషిని పట్టుకున్నాం. హాస్పిస్‌లోనే పోయినట్టు రాసుకుంటాం కాబట్టి, నెలాఖరున ఆవిడ పేరు పక్కన 'కోరుకున్న చోటే' అని పడుతుందని నాకు అప్పుడే తెలుసు. నా గ్రాఫు మీద నాకే అసహ్యం వేసింది.

ఓనరు గారు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని ఉన్నారు. దీపాల వేళ ఇంకా కాలేదు. మాట నిలబెట్టుకున్నందుకు ఆయన మొహం తేటపడింది.

"ఏం బిడ్డా, పెద్దమ్మ మంచిగున్నదా?"

"నిద్రల ఉన్నది సార్. ఇంజెక్షన్ ఇచ్చిన" అంది నర్సు.

ఇంతలో ఆంటీ లోపల్నుంచి ఒక టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చారు. "పెద్దమ్మకు సర్వపిండి చేసిన, మెత్తగనే" అంటూ వంగి, దుప్పటి కిందున్న చేతిలో డబ్బా పెట్టబోయారు. చెయ్యి పట్టుకున్నారు. పట్టుకుని అలాగే ఉండిపోయారు. తలెత్తి నా మొహంలోకి చూశారు. అయిపోయింది అనుకున్నాను. ఇప్పుడు కేక పెడతారు, వీధంతా చేరుతుంది, మమ్మల్ని ఈ పూటే పొమ్మంటారు.

ఆంటీ భర్త వైపు తిరిగారు. "పొయ్యి మీద పాలు పెట్టిన. పొంగుతయి, పోయి సూడు."

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆంటీ డబ్బా పక్కన పెట్టి, ఆ చేతిని దుప్పటి లోపల సర్ది, అంచులు గట్టిగా చుట్టారు. మా ఆయన కుర్చీని బండి వైపు తోశాడు. మామూలుగా అయితే గేటు దాటే ముందు వెళ్లొస్తాం అంటాం. చావు జరిగిన ఇంటి నుంచి కదిలేటప్పుడు ఆ మాట అనరు, మళ్లీ రావాలన్నట్టు అవుతుందని. అనకపోతే కిటికీలోంచి వినే వాళ్లెవరికైనా అనుమానం వస్తుంది. ఏమైతే అదయిందని నోరు తెరిచాను.

"వెళ్లొస్తా..."

ఆంటీ చటుక్కున నా నోటి మీద చెయ్యి పెట్టారు.

"గట్ల అనొద్దు బిడ్డా" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా. ఆవిడ కళ్లనిండా నీళ్లు. "ఇగ పోండ్రి."